లోడ్ వేయకముందే రెండు ఫోటోలు

మొదటిసారి కెమెరాతో స్ట్రెయిన్ (లాగినప్పుడు వస్తువు తన పొడవులో ఎన్నో వంతు సాగిందన్న లెక్క) కొలిచిన రోజు తెర మీద ఎరుపు, పసుపు రంగులు చూసి తెగ పొంగిపోయాను. తర్వాత లోడ్ ఎంతుందా అని చూస్తే దాదాపు సున్నా! మిషన్ ఇంకా లాగడమే మొదలుపెట్టలేదు. ఉక్కు రేకు గ్రిప్పుల్లో సర్దుకుంటూ కెమెరా వైపు అర మిల్లీమీటరు జరిగింది, అంతే. లెన్సుకీ రేకుకీ మధ్య దూరం 500 మిల్లీమీటర్లు. 0.5ని 500తో భాగిస్తే 0.001, అంటే 1000 మైక్రోస్ట్రెయిన్ (ఒక మైక్రోస్ట్రెయిన్ అంటే పొడవులో పది లక్షలో వంతు సాగుడు). 250 మెగాపాస్కల్ ఈల్డ్ ఉన్న ఉక్కు ఈల్డ్ అయ్యేదే, అంటే మళ్లీ వెనక్కి రాకుండా శాశ్వతంగా సాగడం మొదలయ్యేదే, సుమారు 1250 దగ్గర. దగ్గరికొచ్చిన వస్తువు పెద్దగా కనిపిస్తుంది కదా, దాన్నే సాఫ్ట్‌వేర్ సాగుడు అనుకుంది.

ఈ పద్ధతి పేరు డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్. అందరూ డీఐసీ అంటారు. 1980ల మొదట్లో సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో మొదలైంది. శాంపిల్ మీద చుక్కలు చల్లి, లాగుతూ ఫోటోలు తీస్తాం. మొదటి ఫోటోలోని ఒక చిన్న చతురస్రం తర్వాతి ఫోటోలో ఎక్కడికి పోయిందో, ఎలా వంకరపోయిందో సాఫ్ట్‌వేర్ వెతికి పట్టుకుంటుంది. అంటించే స్ట్రెయిన్ గేజ్ ఒక్క చోటి సంగతే చెబుతుంది, ఇది ఉపరితలమంతా చెబుతుంది. లేజర్ పద్ధతులకు ఇంతకంటే సున్నితత్వం ఎక్కువే గానీ, పక్కన ఎవరైనా నడిచినా వాటికి తేడా వస్తుంది. లాగే మిషన్ పక్కన నేను డీఐసీకే ఓటేస్తాను.

సగం పని పెయింట్ దగ్గరే అయిపోతుంది. శాంపిల్‌ని శుభ్రంగా తుడిచి, మెరుపులేని తెల్ల రంగు పలచగా కొట్టండి. మందంగా కొడితే పెయింటే పగులుతుంది. చుక్క ఫోటోలో 3 నుంచి 5 పిక్సెళ్లు ఉండాలి. 100 మిల్లీమీటర్ల వెడల్పుని 2448 పిక్సెళ్ల మీద పట్టిస్తే ఒక పిక్సెల్ సుమారు 0.04 మిల్లీమీటర్లు, కాబట్టి చుక్క 0.12 నుంచి 0.2 దాకా. నేనైతే శాంపిల్‌ని పడుకోబెట్టి, నల్ల స్ప్రేని దాని మీదకి కాకుండా పైన గాల్లో అడ్డంగా కొడతాను. తుంపరలు వాటంతటవే రాలతాయి. ముందు కాగితం మీద కొట్టి ఫోటో తీసి చూసుకోండి. నలుపు, తెలుపు సగం సగం ఉండాలి. పెద్ద స్ప్రే డబ్బాతో ఇంత చిన్న చుక్కలు రాకపోతే ఎయిర్‌బ్రష్ వాడాలి. పెయింట్ పూర్తిగా గట్టిపడి పెళుసెక్కక ముందే, అంటే వీలైతే అదే రోజు, టెస్టు చేసేయడం మంచిది.

ఒకే కెమెరా అయితే దాన్ని రేకుకి ఎదురుగా నిక్కచ్చిగా నిలబెట్టాలి. దానికో చిట్కా: రేకు ముఖం మీద చదునైన చిన్న అద్దం ఆనించి తెర చూడండి. లెన్సు ప్రతిబింబం సరిగ్గా మధ్యలో కనిపించేదాకా కెమెరాని కదపండి. రేకు ముందుకీ వెనక్కీ కదలకుండా ఉండదు కాబట్టి వీలైనంత దూరం జరగండి. 500కి బదులు 1500 మిల్లీమీటర్లు అయితే నా దొంగ స్ట్రెయిన్ మూడో వంతుకి పడిపోయేది. దూరం పెరిగితే పొడవు ఫోకల్ లెన్త్ లెన్సు కావాలి. వంగే, ఉబ్బే శాంపిల్ అయితే వాదనే వద్దు, రెండు కెమెరాలు పెట్టండి. కెమెరా వేడెక్కేకొద్దీ చిత్రం మెల్లగా జరుగుతుంది, అందుకే టెస్టుకి గంట ముందే ఆన్ చేసి వదిలేస్తాను.

ఇప్పుడు లోడ్ లేకుండా, ఏదీ ముట్టుకోకుండా రెండు ఫోటోలు తీసి కోరిలేట్ చేయండి, అంటే సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూడండి. జవాబు సున్నా రావాలి. రాదు. వచ్చేదే మీ నాయిజ్, అంటే ఏమీ కదలకపోయినా కొలతలో కనిపించే తేడా. అది 0.02 పిక్సెల్ ఉందనుకుందాం. 100 పిక్సెళ్ల నిడివి మీద స్ట్రెయిన్ లెక్కిస్తే సుమారు 200 మైక్రోస్ట్రెయిన్ తప్పు. ఉక్కు ఎలాస్టిక్ మాడ్యులస్ (సాగకుండా ఎంత బిగువుగా ఉంటుందో చెప్పే కొలత) కావాలంటే ఇది పనికిరాదు, నిడివి పెంచాలి. రబ్బరు సాగుడుకైతే లెక్కలోకే రాదు.

ఆ తర్వాత పై గ్రిప్ ఒక్కటే బిగించి, శాంపిల్‌ని ఒక మిల్లీమీటరు పైకి జరిపి ఇంకో ఫోటో తీయండి. వస్తువు జరిగిందే గానీ సాగలేదు, కాబట్టి స్ట్రెయిన్ ఇందాకటి నాయిజ్‌ని దాటకూడదు. ఒక పక్కనుంచి ఇంకో పక్కకి రంగు మారుతూ పోతే కెమెరా వంకరగా ఉందన్నమాట. ఆ మొదటి రోజు నేను దాటేసిన మెట్టు ఇదే. పది నిమిషాల పని.

సబ్‌సెట్, అంటే వెతికే చతురస్రం, అందులో కనీసం మూడు చుక్కలైనా పడేలా ఉండాలి. 21 పిక్సెళ్లతో మొదలుపెట్టి చూడండి. పెంచితే నాయిజ్ తగ్గుతుంది, కానీ శాంపిల్‌లో రంధ్రం ఉంటే దాని అంచున ఉన్న అసలు ఎక్కువ స్ట్రెయిన్ కూడా చదునైపోతుంది. ఒకే టెస్టుని 21, 31, 41తో మూడుసార్లు నడిపి, అంచు దగ్గరి విలువ ఎలా మారుతుందో చూసి ఎంచుకుంటాను.

శాంపిల్ తెగేముందు కొన్నిచోట్ల పెయింట్ లేచిపోయి స్ట్రెయిన్ రంగుల మ్యాపులో ఖాళీలు పడతాయి. చుట్టుపక్కల విలువలతో వాటిని నింపే బటన్ చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. దాన్ని నేను నొక్కను. రిపోర్టులో ఆ ఖాళీలు తెల్లగానే ఉంటాయి, పక్కన 'ఇక్కడ పెయింట్ లేచింది' అని రాస్తాను.