పై అంతస్తులో ఉంటున్నారా? డాబాకి సున్నం వేయండి

రాత్రి పది దాటినా ఫ్యాన్ వేడిగాలే కొడుతోందంటే నెత్తిమీది శ్లాబు వల్లే. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు, ఆ వేడిని రాత్రంతా మెల్లగా గదిలోకి వదులుతుంది. ఇంట్లో ముసలివాళ్లు, పసిపిల్లలు ఉంటే ఆ రాత్రులే అసలు టెన్షన్. డాబా తెల్లగా ఉంటే ఎండ చాలావరకు తిరిగి పైకే పోతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానానికీ సూత్రం ఇదే. ఖరీదైన పెయింటే అక్కర్లేదు, మామూలు సున్నం చాలు.

ముందు డాబాని బాగా ఊడ్చి కడగండి, దుమ్ము మీద వేస్తే పెచ్చులుగా లేచిపోతుంది. సున్నం ముందురోజే నానబెట్టి, వడగట్టి, కాస్త ఫెవికాల్ కలపండి. సాయంత్రం ఎండ తగ్గాక ఒక పూత నిలువుగా, అది ఆరాక ఇంకో పూత అడ్డంగా వేయండి. సున్నపురాయి నీళ్లలో పడగానే సలసలా మరుగుతుంది. అందుకే ఇనప బకెట్ వాడండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కంట్లో పడితే చూపుకే ప్రమాదం కాబట్టి కళ్లద్దాలు పెట్టుకోకుండా మాత్రం మొదలుపెట్టొద్దు.

పక్కనే ఉన్న నల్ల నీళ్ల ట్యాంకుకి గోనెసంచులు చుట్టేయండి, మధ్యాహ్నం కుళాయి నీళ్లు అంతగా కాలవు.

వానలకి సున్నం కొట్టుకుపోతుంది, ఏటా ఫిబ్రవరి చివర్లో మళ్లీ వేసుకోవాలి. డాబా మీది వాననీళ్లు సంపులోకి పట్టేవాళ్లు మొదటి రెండు మూడు వానల నీళ్లు బయటికి వదిలేయండి.