చిన్న బోట్‌లో ఉండగా సముద్రం రఫ్ అయితే ఏం చేయాలి

వైజాగ్, భీమిలి వైపు పొద్దున పూట సముద్రం చాలాసార్లు ప్రశాంతంగానే ఉంటుంది, మధ్యాహ్నానికి గాలి పెరిగి అలల మీద తెల్లటి నురగ కనిపించడం మొదలవుతుంది. చిన్న బోట్‌లో ఉన్నవాళ్లకి వెనక్కి తిరగాల్సిన టైమ్ అదే. ఇంకో రెండు చేపలు పడతాయేమో అని ఆగేవాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు.

ముందు అందరూ లైఫ్ జాకెట్లు వేసేసుకోండి, బోట్ ఎగిరెగిరి పడుతున్నప్పుడు బకిల్ పెట్టుకోవడం అయ్యే పని కాదు. నడిపేవాళ్లు పడిపోతే ఇంజన్‌ని దానంతటదే ఆపేసే కిల్ స్విచ్ తాడు వాళ్ల ఒంటికి తగిలించాలి. మిగతావాళ్లు సీట్ల మీద కాకుండా మధ్యలో కింద కూర్చోవాలి, ఐస్ బాక్స్, క్యాన్లు కట్టేయాలి.

ఇంజన్ ఆపొద్దు, స్పీడ్ మాత్రం తగ్గించండి. అలకి పక్కభాగం చూపించారా బోట్ తిరగబడ్డట్టే, అందుకే ముందుభాగాన్ని అల వైపే ఉంచి కొంచెం ఏటవాలుగా, అంటే 30 నుంచి 45 డిగ్రీల కోణంలో ఎక్కించాలి, ఎక్కేటప్పుడు కాస్త థ్రాటిల్ ఇచ్చి పైకి రాగానే తగ్గించేస్తే అవతల దబ్బున పడదు. దిశ మార్చాలంటే పెద్ద అలలు పోయేదాకా ఆగి, కాస్త నెమ్మదించినప్పుడు చకచకా తిప్పేయాలి.

ఇంజన్ ఆగిపోతే లంగరు ముందువైపు నుంచే వేయండి, వెనకనుంచి వేస్తే నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. లోతు ఎక్కువై లంగరు అందకపోతే బకెట్‌కి గట్టి తాడు కట్టి ముందునుంచి వదలండి, అది నీళ్లలో బరువుగా లాగుతుంటే బోట్ మూతి అలవైపు తిరుగుతుంది. చేతులు ఖాళీగా ఉన్నవాళ్లు నీళ్లు తోడుతూనే ఉండాలి.

అసలు డేంజర్ ఒడ్డు దగ్గరే. అలలు వెనకనుంచి వస్తుంటే ఒక అల వీపు మీద ఉండి దాంతోపాటే రావాలి, శిఖరం దాటి ముందుకి దూకితే మూతి నీళ్లలో గుచ్చుకుని వెనకభాగం పక్కకి తిరిగిపోతుంది. అంతర్వేది దగ్గరలా నది సముద్రంలో కలిసే మొగల్లో అయితే ఇంకా జాగ్రత్త, పాటు లాగుతున్నప్పుడు బయటకి పోయే నీళ్లూ లోపలికొచ్చే అలా ఢీకొని అలలు నిటారుగా లేస్తాయి. అప్పుడు లోపలికి తోసుకురాకుండా, పోటు వచ్చేదాకా బయటే ఆగండి, ఎంత విసుగొచ్చినా సరే.

హెల్ప్ అడగడానికి మునిగేదాకా ఆగొద్దు. బోట్‌లో వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే ఛానల్ 16లో మూడుసార్లు 'మేడే' అని, బోట్ పేరు, ఎక్కడున్నారో, ఎంతమందో, ఏమైందో చెప్పండి. ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ 1554. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పని చేస్తుంది, ఆ అంకెలు చూసి రేడియోలో చెప్పొచ్చు.

బోట్ తిరగబడినా దాన్ని పట్టుకునే ఉండండి, కుదిరితే పైకి ఎక్కండి, ఒడ్డు దగ్గరగానే ఉందనిపించినా ఈదొద్దు. వెతికేవాళ్లకి తలకాయ కంటే బోట్ తొందరగా కనిపిస్తుంది.

ఇక బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల అంచనా చూస్తారు కదా, అందులో మీటరున్నర అని ఉంటే అన్నీ అంతే అనుకోకండి, అది పెద్ద అలల్లో సగటు లెక్క, మధ్యమధ్యలో దాదాపు మూడు మీటర్లది కూడా రావచ్చు.