తీగతో శ్రుతి లెక్క: మూడో పాఠం – ఎనిమిది మిల్లీమీటర్లు

పోయిన పాఠంలో పలక తయారు చేసుకున్నాం. మూడున్నర అడుగుల చెక్క, గిటార్ మొదటి తీగ, రెండు చివర్లా తీగను ఎత్తి పట్టే చెక్కముక్కలు, మధ్యలో జరపడానికి ఇంకో ముక్క. నల్లగొండలో నా దగ్గర నేర్చుకునే పిల్లలు ఒక మంచి ప్రశ్న వేశారు: "తీగ పొడవు 81 సెంటీమీటర్లే ఎందుకు సార్? లెక్క తేలికగా ఉండేలా 80 పెట్టుకోవచ్చు కదా?" ఈ పాఠమంతా దానికి జవాబే.

ముందుగా ఒక జాగ్రత్త. జరిపే ముక్క తీగకు తాకీ తాకనట్టు ఉండాలి. ఎత్తు ఎక్కువైతే తీగ బిగిసి స్వరం పైకి పోతుంది, ఇక కొలతలన్నీ తప్పుతాయి. అవసరమైతే ఉప్పుకాగితంతో రుద్ది సరిచేయండి.

ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి, తీగ మొత్తాన్ని సా కు కలపండి. పంచమం (పా) మూడింట రెండు వంతుల దగ్గర ఉంటుంది, అంటే 54 సెంటీమీటర్ల దగ్గర. ఇప్పుడు ఆ పా నే సా అనుకుని, దాని పంచమం పట్టండి: 36. అది పై స్థాయి (అంటే పై సా దాటాక వచ్చే) చతుశ్రుతి రి, రి లో ఒక రకం. దాని పంచమం 24, పై స్థాయి చతుశ్రుతి ద. ఇంకోసారి వేస్తే 16, రెండు స్థాయిల పైన అంతర గాంధారం (గా లో ఒక రకం). తీగ పొడవు రెట్టింపైతే స్వరం ఒక స్థాయి దిగుతుంది కాబట్టి 16 కాస్తా 32, 32 కాస్తా 64. మన స్థాయి గాంధారం 64 సెంటీమీటర్ల దగ్గర దొరికింది. 81ని మూడుతో నాలుగుసార్లు భాగించినా శేషం రాదు. అందుకే ఆ పొడవు.

ఇప్పుడు చెవికి పని. ముక్కను 64 దగ్గర పెట్టి, తంబూరా మోగుతుండగా తీగ మీటండి. నాదం నిలకడగా ఉండదు, సన్నగా వణుకుతుంది. ముక్కను 65 వైపు వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ మళ్ళీ మళ్ళీ మీటండి. వణుకు నెమ్మదించి, ఒకచోట పూర్తిగా ఆగిపోతుంది. స్కేలు పెట్టి చూడండి: 64.8. అంటే 81లో సరిగ్గా అయిదింట నాలుగు వంతులు. చక్కగా శ్రుతి చేసిన తంబూరాలో ఎవరూ మీటకుండానే వినిపించే స్వయంభూ గాంధారం ఇదే.

ఆ వణుకునే ఇంటర్ ఫిజిక్స్‌లో విస్పందనాలు అని చదివాం. ఏ తీగ మోగినా అసలు స్వరంతో పాటు దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల స్వరాలూ సన్నగా మోగుతాయి, వాటినే అనుస్వరాలు అంటారు. సా 240 హెర్ట్జ్ (సెకనుకు 240 కంపనాలు) అనుకుంటే దాని అయిదో అనుస్వరం 1200. స్వయంభూ గాంధారం 300, దాని నాలుగో అనుస్వరమూ 1200. రెండూ ఒకటైపోయాయి. పంచమాల దారిలో వచ్చిన గాంధారం 303.75, నాలుగు రెట్లు 1215. ఆ తేడా వల్లే సెకనుకు 15 విస్పందనాలు.

64కి, 64.8కి మధ్య ఎనిమిది మిల్లీమీటర్లు. నిష్పత్తిలో 81/80. పాశ్చాత్యులు దీన్ని సింటోనిక్ కామా అంటారు. భరతుడు నాట్యశాస్త్రంలో రెండు వీణలతో చూపిన ప్రమాణ శ్రుతి కూడా ఇదేనని చాలామంది పండితుల లెక్క. స్థాయిని 1200 సెంట్లుగా విడదీసే కొలతలో ఇది 21.5 సెంట్లు. ఆ కొలతను 1880లలో అలెగ్జాండర్ ఎల్లిస్ తెచ్చారు.

చిన్నప్పుడు మా ఊరి భజనలో హార్మోనియం పక్కన కూర్చుని పాడితే, మా తాత "గా జర కిందికి దించు బిడ్డా" అనేవాడు. మెట్టు ప్రకారమే పాడుతున్నా కదా అని నాకు కష్టంగా ఉండేది. ఈ పలక మీద కొలిచాకే అర్థమైంది. హార్మోనియం గాంధారం 64.3 దగ్గర పడుతుంది, స్వయంభూ స్థానానికి అయిదు మిల్లీమీటర్లు ఎక్కువ శ్రుతిలో. తాత చెవి తంబూరాను పట్టుకుంది, నాది మెట్టును.

పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెర మీరు వినే ఉంటారు. దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిన వాద్యం అది. మెట్లున్న ఏ వాద్యానికైనా చిక్కు ఒకటే: కదలని మెట్టు ఎక్కడ పెట్టాలి? పంచమం శుద్ధంగా ఉండాలంటే గాంధారం వణుకుతుంది, గాంధారం తీయగా ఉండాలంటే పంచమాలు కొంత ఇచ్చుకోవాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడమే టెంపరమెంట్.

హార్మోనియం సర్దుకున్నది ఇంకో తేడాతో. పన్నెండు పంచమాలు వేసుకుంటూ పోతే ఏడు స్థాయిల కంటే 23.5 సెంట్లు మించుతాయి. దాన్ని పన్నెండు పంచమాలకూ సమానంగా పంచారు, ఒక్కోదానికి దాదాపు 2 సెంట్లు. పంచమాలకు పెద్దగా నొప్పి లేదు, గాంధారమే ఎక్కువ నష్టపోయింది. మీన్‌టోన్ అనే ఇంకో పాశ్చాత్య పద్ధతి అలా కాదు. నాలుగు పంచమాల్లో ఒక్కోదాన్ని సింటోనిక్ కామాలో (ఆ 21.5 సెంట్లలో) నాలుగో వంతు తగ్గిస్తుంది, గాంధారం సరిగ్గా 64.8కి వచ్చి కూర్చుంటుంది. నా మట్టుకు ఆ గాంధారం కోసం పంచమంలో అంత వదులుకోవడం సబబే అనిపిస్తుంది. మీరు మాత్రం విని తేల్చుకోండి.

ఈ వారం పని: ముక్కను 54 నుంచి పొడవు వైపు 1.7 మిల్లీమీటర్లు జరపండి. అదే మీన్‌టోన్ పంచమం. సా 240 అయితే సెకనుకు రెండుకు కాస్త ఎక్కువ విస్పందనాలు రావాలి. పది సెకన్లు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయండి, మూడు రోజులు వరుసగా. వచ్చే పాఠంలో ఇదే పంచమాన్ని పదకొండుసార్లు వేసి, పన్నెండోది ఎందుకు తోడేలులా ఊళపెడుతుందో విందాం.