నాలుగో పాఠం: గోళ్ల కత్తెర ఇంకా బయటికి తీయకండి

ఇవాళ కుక్క గోళ్లు కత్తిరించడం నేర్పుతానన్నాను. కానీ కాలు ముట్టుకోవడం అలవాటు చేసే మూడో పాఠం చేసి చూసినవాళ్లలో చాలామంది చెప్పింది ఒకటే: "ఇంతకుముందు కాలు పట్టుకోనిచ్చేది, ఇప్పుడు చెయ్యి చాపితేనే లేచి పోతోంది." ముందు దీని సంగతి చూద్దాం.

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒకరు వీడియో పంపారు. ఎడమచేతిలో ఉడికించిన చికెన్ ముక్క. లాబ్రడార్ అది తింటుండగా కుడిచెయ్యి మెల్లగా ముందుకాలి మీదికి వెళ్తోంది. కుక్క తింటూనే ఉంది, కానీ కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా ఆ చేతినే చూస్తోంది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ముక్క ముందు, చెయ్యి తర్వాత! ఇలా పదిసార్లు చేస్తే చికెన్ వాసన రాగానే కాలు పట్టుకుంటారని దానికి అర్థమవుతుంది. మీరు అలవాటు చేయాలనుకున్నది చేతిని, అనుమానం పుట్టించింది చికెన్ మీద. రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ తిండికి ముందే శబ్దం వినిపించాడు కాబట్టే ఆ శబ్దానికి కుక్కలకు నోరూరింది. తిండి పెట్టేశాక వినిపించి ఉంటే ఆ అలవాటు రావడం కష్టం.

కాబట్టి వరస ఇది. ముక్కల డబ్బా మీ వెనక, మూతపెట్టి ఉండాలి. ఖాళీ చేత్తో భుజం ముట్టుకోండి, కాలి దాకా జార్చండి, ఒక్క క్షణం ఉంచి తీసేయండి. తీశాకే చెయ్యి డబ్బా వైపు వెళ్లాలి. క్లిక్కర్ (నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం) కొనుక్కోవచ్చు కానీ నేను వాడను, చెయ్యి తీస్తూ "గుడ్" అంటాను, అది చాలు.

కాలు వెనక్కి లాక్కుంటే వదిలేయండి. బిగించి పట్టుకుంటే తర్వాతిసారి ఇంకా ముందే లాక్కుంటుంది. వద్దంటే మీరు ఆగుతారని నమ్మకం కుదిరిన కుక్క నిలబడుతుంది. గుర్రుమంటే తిట్టకండి. గుర్రుమనడం దాని హెచ్చరిక, తిడితే అలా చెప్పడం మానేసి నేరుగా కరిచే రోజు వస్తుంది.

మన విశాఖ ఉక్కపోతలో ఒగర్చడం ఒక్కటే చూసి టెన్షన్ అనుకోలేం. తిండి లేకుండా పెదాలు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, మొహం తిప్పేసుకోవడం చూడండి. ఫ్యాను కింద, పొద్దున్నే చేయడం నాకు ఇష్టం. నేవీ విన్యాసాలకు బీచ్ రోడ్డు మీదుగా విమానాలు రిహార్సల్ చేసే రోజుల్లో, దీపావళి వారంలో శిక్షణలో కొత్త మెట్టు ఎక్కించకండి, పాతదే చేయండి.

పిల్లికి కూడా ఇదే వరస, ముల్లు తీసిన ఉప్పులేని చేప ముక్కతో. తోక చివర టపటపా కొట్టుకుంటే, చెవులు పక్కకి వాలితే ఆపేయండి. మెడ వెనక చర్మం పట్టుకుని ఎత్తకండి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే బుట్టను రోజూ తలుపు తీసి, లోపల పాత దుప్పటి వేసి హాల్లోనే ఉంచండి.

అభ్యాసం: వారం పాటు రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు మించకుండా. ప్రతిసారీ ఫోన్‌లో వీడియో తీయండి. రాత్రి సౌండు తీసేసి చూస్తూ, మీ చెయ్యి కాలిని ముట్టుకోకముందే డబ్బా వైపు ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టి రాసుకోండి. వరసగా మూడు రోజులు సున్నా వచ్చినవాళ్లే ఐదో పాఠానికి రండి.