ఫ్రేమ్ కొనేముందు చేత్తో ఎత్తి చూడకండి, టైరు పట్టే సందు చూడండి

రోడ్ సైకిల్ షాపులో అందరం ముందు చేసే పని ఫ్రేమ్ ఎత్తి చూడటం. ఒక్కసారి లెక్క వేయండి. మనిషి 70 కిలోలు, సైకిల్ 9, నీళ్లూ పంక్చర్ సామానూ ఇంకో కిలో. మొత్తం 80. ఫ్రేమ్‌లో అర కిలో తగ్గితే అందులో 0.6 శాతం. అరగంట పట్టే ఘాట్ ఎక్కుడులో మిగిలేది పది, పన్నెండు సెకన్లు. చదును రోడ్డు మీద ఆ తేడా తెలియను కూడా తెలియదు, అక్కడ మనల్ని ఆపేది గాలి.

అదే 200 కిలోమీటర్ల బ్రెవేలో (గడువులోపు పూర్తి చేయాల్సిన, పోటీ కాని దూర సైకిల్ యాత్రలో) ఆరో గంటకి మెడ పట్టేసి, అరచేతులు తిమ్మిరెక్కాయనుకోండి, ఆగి ఆగి వెళ్లడంలో నిమిషాలకి నిమిషాలు పోతాయి.

అందుకే షాపులో మొదట అడగండి: ఇందులో ఎంత వెడల్పు టైరు పడుతుంది? నా మటుకు 32 మిల్లీమీటర్లు పట్టని ఫ్రేమ్ మన రోడ్లకి వద్దు. 25 నుంచి 32కి మారితే టైరులో గాలి పట్టే చోటు సుమారు 60 శాతం పెరుగుతుంది. ప్రెషర్ తగ్గించి నడపొచ్చు, గతుకుల దెబ్బ నడుముదాకా రాదు. కార్బనా, స్టీలా అన్నదానికంటే హాయి ఇక్కడే ఎక్కువ దొరుకుతుంది.

తర్వాత జామెట్రీ చార్టులో, అంటే ఫ్రేమ్ కొలతల పట్టికలో, స్టాక్ చూడండి: పెడళ్ల ఇరుసు నుంచి ఫ్రేమ్ ముందు గొట్టం పైకొస దాకా ఉండే ఎత్తు. అది ఎక్కువుంటే హ్యాండిల్ ఎత్తుగా వస్తుంది. స్టాక్ తక్కువున్న రేసు ఫ్రేమ్ కొని, హ్యాండిల్ ఎత్తడానికి దాని కింద స్పేసర్లు (రింగులు) పేర్చుకోవడం కంటే ఇది మేలు.

కొండ రేసుల్లో పోటీపడేవాళ్లకి ఆ పది సెకన్లూ కావాలి, నిజమే. మీరు వాళ్లలో ఒకరు కాకపోతే, తేలిక ఫ్రేమ్‌కి పెట్టే అదనపు డబ్బు మంచి టైర్లకీ, బైక్ ఫిట్‌కీ (సైకిల్‌ని మీ ఒంటి కొలతలకి సరిచేయించుకోవడానికి) పెట్టండి.