ఫార్మాట్ కాని పెన్‌డ్రైవ్, హార్డ్ డిస్క్‌పై వినియోగదారుల ఫిర్యాదు: దరఖాస్తు విధానం

కొత్తగా కొన్న పెన్‌డ్రైవ్ నాలుగు రోజులు బాగానే పనిచేస్తుంది. ఐదో రోజు కంప్యూటర్‌కు పెట్టగానే ‘ఫార్మాట్ చేయండి’ అంటుంది, చేయబోతే ‘ఫార్మాట్ పూర్తి కాలేదు’ అంటుంది. షాపుకు తీసుకుపోతే ‘వైరస్ పట్టి ఉంటుంది, మేమేం చేస్తాం’ అనే మాట వినిపిస్తుంది. నల్లగొండలో కొన్నా, మహబూబ్‌నగర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా అంతే. అలాంటి వస్తువు మీద ఫిర్యాదు పెట్టుకోవడానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం దారి చూపుతుంది. వకీలు లేకుండా మీరే పెట్టుకోవచ్చు.

కాకపోతే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: తప్పు వస్తువుదా, మన కంప్యూటర్‌దా? ఇది తేలకుండా పెట్టిన ఫిర్యాదు మొదటి ప్రశ్నకే ఆగిపోతుంది.

ఫిర్యాదుకు ముందు చేసి చూడాల్సినవి

డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూడండి. డెస్క్‌టాప్ అయితే ముందు పోర్టు కాకుండా వెనక పోర్టులో పెట్టండి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌కు హబ్ ద్వారా కరెంటు సరిపోక కూడా ఫార్మాట్ మధ్యలో ఆగిపోతుంటుంది, కేబుల్ మార్చినా తేడా తెలుస్తుంది. మెమరీ కార్డు అయితే అడాప్టర్ పక్కనున్న చిన్న లాక్ కిందికి జరిగి ఉందేమో చూడండి. ‘రైట్ ప్రొటెక్టెడ్’ అని వచ్చే టెన్షన్‌లో సగం అక్కడే తీరిపోతుంది.

64 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ 59 జీబీ మాత్రమే చూపిస్తే అది మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతిలో తేడా. అలాగే 32 జీబీ దాటిన డ్రైవ్‌కు విండోస్ మామూలు ఫార్మాట్ బాక్సులో ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ రకం కనిపించకపోవడం లోపం కాదు. ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకుంటే సరిపోతుంది. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు కాబట్టి పెళ్లి వీడియోలు పెట్టుకునేవాళ్లకు ఎలాగూ అది పనికిరాదు.

ఇవేవీ కాదంటే విండోస్‌తోనే వచ్చే డిస్క్‌పార్ట్ అనే ప్రోగ్రాం వాడాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘డిస్క్‌పార్ట్’, తర్వాత ‘లిస్ట్ డిస్క్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. వచ్చిన జాబితాలో సైజు చూసి మీ డ్రైవ్ నంబరు గుర్తుపట్టి ‘సెలెక్ట్ డిస్క్’ పక్కన ఆ నంబరు వేయండి. ఇక్కడ తొందరపడొద్దు. నంబరు తప్పయితే తర్వాత కొట్టే ‘క్లీన్’ ఇంకో డిస్క్‌ను ఊడ్చేస్తుంది. ఆ తర్వాత ‘ఆట్రిబ్యూట్స్ డిస్క్ క్లియర్ రీడ్‌ఓన్లీ’, ‘క్లీన్’, ‘క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ’, ‘ఫార్మాట్ ఎఫ్ఎస్=ఎక్స్‌ఫ్యాట్ క్విక్’ వరుసగా కొట్టాలి. ‘క్లీన్’ కొడితే లోపలున్నదంతా పోయినట్టే. ఫొటోలు కావాలనుకుంటే దాని జోలికి పోకముందే రికవరీ సంగతి చూసుకోండి. వారంటీ అయినా, ఫిర్యాదు విని తీర్పు ఇచ్చే వినియోగదారుల కమిషన్ అయినా వస్తువు గురించే మాట్లాడతాయి, పోయిన ఫైళ్లు తెచ్చివ్వవు.

అప్పుడూ కుదరకపోతే ‘ఆట్రిబ్యూట్స్ డిస్క్’ అని మాత్రమే కొట్టి చూడండి. ‘రీడ్‌ఓన్లీ’ దగ్గర ‘నో’ అని ఉండి, ‘కరెంట్ రీడ్‌ఓన్లీ స్టేట్’ దగ్గర మాత్రం ‘యెస్’ అనే ఉండిపోతే, రెండో కంప్యూటర్‌లోనూ అలాగే వస్తే, చాలావరకు లోపలి చిప్ పాడై తనను తానే తాళం వేసుకున్నట్టు లెక్క. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తెరవలేదు. ఆ తెరను అలాగే ఫొటో తీసి పెట్టుకోండి, దరఖాస్తుకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకడం కష్టం.

ఐదారు వందలకే 1 టీబీ, 2 టీబీ అని అమ్మే పెన్‌డ్రైవ్‌ల కథ వేరు. లోపల చిన్న చిప్ పెట్టి పెద్ద సైజు చూపించేలా మార్చి ఉంటారు. నిండేకొద్దీ ఫైళ్లు పాడవుతాయి. ‘హెచ్2టెస్ట్‌డబ్ల్యూ’ అనే ఉచిత ప్రోగ్రాం డ్రైవ్ నిండా రాసి, తిరిగి చదివి, అసలు ఎంత చోటుందో చెప్పేస్తుంది. ఆ ఫలితం కూడా ఫొటో తీసుకోండి.

వస్తువును విప్పొద్దు, పారేయొద్దు. అవసరమైతే కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించగలదు.

బిల్లు, బోర్డు

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు మన దగ్గర గల్లీకొకటి కనిపిస్తుంది. లోపమున్న వస్తువు విషయంలో ఆ బోర్డు చెల్లదు. బిల్లులో రాసిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో, లోపమున్న సరుకు తిరిగి తీసుకోనంటే చట్టం దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే కోవలోకి వస్తుంది. ‘బిల్లు కావాలంటే రేటు పెరుగుతుంది’ అన్న మాటకు తలూపి వచ్చేసినా, ఫోన్‌పే, గూగుల్‌పేలో డబ్బు పంపిన వివరం ఉంటే కొంత ఆధారం ఉన్నట్టే.

ముందు షాపుకు లేదా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. వాట్సాప్, మెయిల్ ఏదైనా పర్వాలేదు, నోటిమాట మాత్రం లెక్కలోకి రాదు. కొన్న తేదీ, సీరియల్ నంబరు, వచ్చిన ఎర్రర్, మార్చిస్తారా డబ్బు వాపసు ఇస్తారా అన్నది రాసి 15 రోజుల గడువు పెట్టండి. నోటీసు తప్పనిసరి అని చట్టంలో లేదు, కానీ తర్వాత చాలా పనికొస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్నవైతే ఆ సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయాలి. 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి అన్నది 2020 ఈ-కామర్స్ నియమాల మాట.

1915కు ఫోన్

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. వాళ్ల వెబ్‌సైట్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. వాళ్లు ఇచ్చే డాకెట్ నంబరు, అంటే మీ ఫిర్యాదు నంబరు, రాసి పెట్టుకోండి. వాళ్లు ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. తీర్పు ఇచ్చే అధికారం వాళ్లకు లేదు, కంపెనీ మొండికేస్తే అంతటితో ఆగుతుంది. అయినా ఆరేడు వందల పెన్‌డ్రైవ్‌కు నా సలహా ఇక్కడితో సరిపెట్టుకోమనే. నోటరీకి, జిరాక్సులకు, దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో తిరిగే బస్సు చార్జీలకు అంతకంటే ఎక్కువే అవుతుంది. ఐదారు వేలు పెట్టిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ అయితే మాత్రం ముందుకు పోవచ్చు.

జిల్లా కమిషన్‌లో దరఖాస్తు

వస్తువు ఎక్కడ కొన్నా మీరు ఉండే చోట లేదా పనిచేసే చోట ఫిర్యాదు వేయొచ్చు. హైదరాబాద్ కోఠిలో కొన్న డ్రైవ్ మీద మిర్యాలగూడ మనిషి హైదరాబాద్ తిరగాల్సిన పని లేదు. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ సరిపోతుంది. 5 లక్షల దాకా ఫీజు లేదు. లోపం బయటపడిన నాటి నుంచి రెండేళ్లలోగా వేయాలి.

ఆన్‌లైన్ దరఖాస్తు ఇప్పుడు ఈ-జాగృతి పోర్టల్‌లో. మొబైల్, మెయిల్‌తో నమోదై ఓటీపీ కొట్టి లోపలికి వెళ్లాక రాష్ట్రం, మీ ప్రాంతం వచ్చే జిల్లా కమిషన్ ఎంచుకోవాలి. ప్రతివాదులుగా అమ్మిన షాపును, తయారుచేసిన కంపెనీని ఇద్దరినీ చేర్చండి. ఒక్కరినే పెడితే తప్పు రెండోవాళ్లదని తప్పించుకుంటారు. ఫిర్యాదు ప్రతి, తేదీల వారీగా ఏం జరిగిందో చెప్పే పట్టిక, నోటరీ చేయించిన అఫిడవిట్, బిల్లు, ఎర్రర్ ఫొటోలు, పంపిన నోటీసు, డాకెట్ నంబరు పీడీఎఫ్‌లుగా అప్‌లోడ్ చేయాలి. పరిశీలనలో లోపాలు చూపితే సరిదిద్ది మళ్లీ పంపాలి.

కోరేదేమిటో స్పష్టంగా రాయండి: వస్తువు మార్పిడి, లేదా ధర వాపసు, నష్టపరిహారం, ఖర్చులు. ‘న్యాయం చేయండి’ అని రాస్తే దేనికీ పనికిరాదు.

ఫొటో స్టూడియోవాళ్లకు ఒక చిక్కుంది. వ్యాపారానికి కొన్నవారు వినియోగదారులు కారని ప్రతివాది వాదిస్తాడు. సొంతంగా పనిచేసుకుంటూ బతుకుదెరువు కోసం కొన్నవారికి చట్టంలో మినహాయింపు ఉంది కాబట్టి, ఆ మాట ఫిర్యాదులోనే ఒక వాక్యంగా రాసేయండి.

మామూలుగా 21 రోజుల్లో ఫిర్యాదు తీసుకునేదీ లేనిదీ చెబుతారు. ప్రతివాది జవాబుకు 30 రోజులు, అవసరమైతే మరో 15. వస్తువు పరీక్ష అక్కర్లేకపోతే మూడు నెలల్లో, కావాలంటే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, కాగితం మీద లెక్క ఇది. వీడియో విచారణ కావాలని కూడా కోరవచ్చు. తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవాలి. గెలిచాక డబ్బు ఇవ్వకపోతే అదే జిల్లా కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. ఆదేశం పాటించనివారికి నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.