మీ ఎమ్మెల్యే కండువా మార్చారా? ముందు లెక్క చూడండి

గెలిపించిన పార్టీని వదిలి ఎమ్మెల్యే అధికార పార్టీలో చేరిన రోజు ‘నియోజకవర్గ అభివృద్ధి కోసమే’ అన్న మాట ఎటూ వినిపిస్తుంది. దాన్ని పక్కన పెట్టండి.

ముందుగా, ఆయన చేతిలో ఓడిన అభ్యర్థి ఇప్పుడేం చేస్తున్నారో చూడండి. ఆ అభ్యర్థిది అధికార పార్టీ అయితే నియోజకవర్గ ఇన్‌ఛార్జి అయిపోతారు. ఎస్‌ఐ పోస్టింగు, సీసీ రోడ్డు మంజూరు, ఇళ్ల లబ్ధిదారుల జాబితా ఆయన చెప్పినట్టే నడుస్తాయి. గెలిచిన మనిషికి శిలాఫలకం మీద పేరు మిగులుతుంది, అదీ ఒక్కోసారి. కాంట్రాక్టు బిల్లులు, కేసులు, వచ్చేసారి టికెట్ కూడా కారణాలే గానీ, చాలాచోట్ల మొదట కదిలించేది ఈ పోరే.

ఇక సంఖ్య. 1985లో రాజ్యాంగంలోకి పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) వచ్చినప్పుడు శాసనసభాపక్షంలో, అంటే సభలోని ఆ పార్టీ సభ్యుల్లో, మూడో వంతు చీలినా వేటు (సభ్యత్వం రద్దు) పడేది కాదు. 2003లో 91వ రాజ్యాంగ సవరణ ఆ వెసులుబాటు తీసేసింది. ఇప్పుడున్న దారి విలీనం, అంటే మరో పార్టీలో కలిసిపోవడం. దానికి శాసనసభాపక్షంలో మూడింట రెండు వంతుల మంది కావాలి. భిన్నం వస్తే పై అంకే లెక్క. తెలంగాణలో 2018లో కాంగ్రెస్ 19 సీట్లు గెలిచింది, అంటే 13 మంది కావాలి. నల్గొండ ఎంపీ అయిన ఉత్తమ్‌కుమార్ రెడ్డి 2019 జూన్‌లో హుజూర్‌నగర్ సీటు వదులుకోగానే బలం 18కి దిగింది, 12 సరిపోయింది. వెంటనే సరిగ్గా 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. అదే నెలలో రాజ్యసభలోని ఆరుగురు టీడీపీ ఎంపీల్లో నలుగురు, అంటే సరిగ్గా మూడింట రెండు వంతులు, బీజేపీలో కలిశారు. ఒక్కరు తగ్గినా కావాల్సిన సంఖ్య మారొచ్చు, అందుకే ఏ రాజీనామా జరిగినా లెక్క మళ్లీ వేసుకోవాలి.

సంఖ్య చాలకుండా ఒక్కొక్కరే గోడ దూకితే కాపాడేది చట్టం కాదు, జాప్యం. 2014లో వైసీపీకి 67 మంది గెలిస్తే 23 మంది టీడీపీలోకి వెళ్లారు. మూడింట రెండు వంతులకు 45 కావాలి. అయినా సభ్యత్వాలు పోలేదు, 2017లో నలుగురు మంత్రులు కూడా అయ్యారు.

ఇలాంటప్పుడు స్పీకర్ దగ్గర అనర్హత పిటిషన్ వేయాలి. సాధారణంగా తోటి ఎమ్మెల్యే వేస్తారు. సంబంధమున్న ఇతరులూ వేయొచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్ మీదా, జత చేసిన ప్రతి పత్రం మీదా సంతకం, ధ్రువీకరణ ఉండాలి. ఈ చిన్న లోపంతోనే విచారణ దాకా రాకుండా కొట్టేయొచ్చు. పేపర్ కటింగుల మీదే ఆధారపడితే ‘సీఎంను మర్యాదపూర్వకంగా కలిశా’ అన్న ఒక్క జవాబుతో కేసు తేలిపోతుంది. వీడియో పెడితే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం) జత చేయండి. అన్నిటికన్నా గట్టిది నామినేషన్ పత్రం: 2023లో ఖైరతాబాద్‌లో బీఆర్ఎస్ తరఫున గెలిచిన దానం నాగేందర్ 2024లో సికింద్రాబాద్ లోక్‌సభకు కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడ్డారు. పార్టీకి రాజీనామా లేఖ ఇవ్వకపోయినా, నడవడికను బట్టి పార్టీ వదిలినట్టు తేల్చవచ్చని 1994లోనే తీర్పుంది.

స్పీకర్ కదలకపోతే హైకోర్టుకు వెళ్లాలి. 2020లో మణిపూర్ ఫిరాయింపు కేసులో సుప్రీంకోర్టు మూడు నెలల గడువు మాట చెప్పింది. 2025 జూలై 31న ఫిరాయించారన్న ఆరోపణ ఉన్న పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల విషయంలో తెలంగాణ స్పీకర్‌కూ అంతే గడువిచ్చింది. గడువు ఏ తీర్పు ఇవ్వాలో చెప్పదు, ఏదో ఒకటి తేల్చమంటుంది.

వేటు పడినా ఉపఎన్నికలో పోటీ చేయొచ్చు. మళ్లీ గెలిచేదాకా, లేదా ఆ సభ గడువు ముగిసేదాకా మంత్రి మాత్రం కాలేరు.